వంశధార ఒడ్డున సమాధుల పండుగ



ఈ నెల మేము రాస్తున్నది మన సంఘాల సంగతి కాదు. చాలా ఊళ్లలో మన వీధిలోనే ఉన్నా మనం గుమ్మం దాటి లోపలికి వెళ్లని ఆర్.సి.ఎం. గుడి సంగతి. "పాస్టరు గారికి ఇది ఎందుకు?" అని పెద్దలు కొందరు అడగవచ్చు. దయచేసి చివరిదాకా చదివి అడగండి.

2025 నవంబరు 2, ఆదివారం. మొదటి ఆదివారం గనుక బొబ్బిలి దగ్గర మా సంఘంలో ప్రభువు బల్ల ఆచరించి, పాత్రలు కడిగి బీరువాలో సర్దేసరికి పన్నెండు దాటింది. అప్పుడు మేమూ, మా శ్రీమతీ, మా సంఘంలో ఒక విధవరాలైన తల్లీ రాజాం బస్సు ఎక్కాము. ఆ తల్లి కూతురు కొత్తూరు దగ్గర ఒక పునరావాస కాలనీలో ఉంటుంది. ఆ సాయంత్రం అక్కడ కతోలికుల సమాధుల పండుగ. "ఈసారైనా రండయ్యగారూ" అని ఆ తల్లి అడిగింది. ఈసారైనా అన్న మాటలో పద్నాలుగేళ్ల కథ ఉంది. అది మొదట చెప్పుకోవాలి.

2011లో ఆమె కూతురు వంశధార ఒడ్డునున్న ఒక ఊరి కతోలిక అబ్బాయిని చేసుకుంది. మాకు వేదాంత డిప్లొమా పట్టా చేతికి వచ్చి అప్పటికి మూడేళ్లు కాలేదు. ప్రసంగ పీఠం ఎక్కితే చాలు, స్వరూపాలనూ జపమాలలనూ ఎండగట్టేవాళ్లం. పెళ్లికి పిలిస్తే రామన్నాము. పుట్టబోయే బిడ్డలను కతోలికులుగా పెంచాలని అబ్బాయి చేత మాట తీసుకున్నారని విన్నప్పుడు మరీ మండిపడ్డాము. సంఘ రిజిస్టరు తీసి ఆ అమ్మాయి పేరు మీద ఎర్ర సిరాతో గీత గీశాము. ఆ తల్లి ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం ఎప్పటిలాగే ముందు వరుసలో చాప మీద కూర్చుంది. ఆమె అలా కూర్చోవడమే మమ్మల్ని ఇన్నేళ్లూ గుచ్చింది.

వారి నియమం ఏమిటో మేము తీరిగ్గా చదివింది తర్వాతనే. ఒకప్పుడు అవతలి సంఘపు వ్యక్తి చేత కూడా వాగ్దానం రాయించుకునేవారు. 1970లో ఆరవ పౌలు పోపుగారు దాన్ని మార్చారు. ఇప్పుడు మాట ఇవ్వవలసింది కతోలిక పక్షం వారే, అదీ తన శక్తి మేరకు. రెండో పక్షానికి ఆ సంగతి తెలిస్తే చాలు. ఇంకో సంగతి మమ్మల్ని మరింత ఆలోచింపజేసింది. నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున జరిగిన మన బాప్తిస్మాన్ని వారు చెల్లుబాటుగానే ఎంచుతారు. ఆ అమ్మాయికి మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వలేదు. అదే వారి బిడ్డ మన దగ్గరికి వస్తే? మళ్లీ నీళ్లలోకి దించకుండా బల్ల దగ్గరికి రానిస్తామా? పసిబిడ్డల బాప్తిస్మం గురించి మన నమ్మకం మనకుంది, దాన్ని వదలమని మేము అనడం లేదు. కానీ ఎవరు ఎవరిని బయట నిలబెట్టారన్న లెక్క మేము అనుకున్నట్టు లేదు.

బస్సు సంగతికి వద్దాం. రాజాం ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు విజయనగరంలో కలిసింది. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి పోయాయి. కొత్తూరు మాత్రం శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. అంటే మూడు గంటల ప్రయాణంలో మూడు జిల్లాలు తిరిగామన్నమాట. నాగావళి దాటుతుంటే నీరు ఎర్రగా, బరువుగా పారుతోంది. మొంథా తుపాను ముందటి మంగళవారమే తీరం దాటింది. వరిచేలు కొన్నిచోట్ల పడుకుని ఉన్నాయి. బస్సులో మాత్రం అందరి నోటా ఒకటే మాట, కాశీబుగ్గ. ముందురోజు ఏకాదశి నాడు అక్కడి వేంకటేశ్వరాలయంలో తొక్కిసలాట జరిగి భక్తులు చనిపోయారు. మా ముందు సీట్లో ఒకామె ఫోనులో ఎవరినో "అప్పా, నువ్వెళ్లలేదు గదా" అని మళ్లీ మళ్లీ అడుగుతోంది.

పాలకొండలో బస్సు మారాము. సీతంపేట ఘాట్ ఎక్కుతుంటే చీపుర్ల మోపులూ, సంతకు పోయే సవర ఆడవాళ్లూ కనిపించారు. ఈ సవరల భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో ఈ వంశధార ఒడ్డునే పర్వతాలపేటలో పుట్టారు. ఒక భాషవాళ్లకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆయన పట్టుబట్టారు. గుళ్లకు ఆ బుద్ధి ఎప్పుడు వచ్చిందో చూస్తే తమాషాగా ఉంటుంది.

మన ఉత్తర కోస్తాకు సువార్త రెండు దారుల్లో వచ్చింది. 1805లో లండను మిషను వారు జార్జి క్రాన్, ఆగస్టస్ దేగ్రాంజిస్ విశాఖపట్నంలో దిగి బైబిలును తెలుగు చేయడానికి కూర్చున్నారు. నలభై ఏళ్ల తర్వాత, 1846లో, ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న ఆన్సీ పట్టణం నుంచి కతోలిక గురువులు అదే విశాఖకు చేరారు. సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లో యానాం వచ్చారు. ఆ తరువాత కెనడా బాప్తిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలి పట్టుకున్నారు. సాలూరు, పార్వతీపురం వైపు జర్మనీ లూథరను వారు. ఒకే నేల, ఒకే ఎండ, ఒకే మలేరియా. అయినా వాళ్లలో వాళ్లకు పొసగలేదు. ఆ పొసగనితనాన్ని మనకు ఆస్తిగా ఇచ్చి వెళ్లారు.

చివరికి మాటలు కూడా పంచుకున్నాం. మనది బాప్తిస్మం, వారిది జ్ఞానస్నానం. మనది ప్రభువు బల్ల, వారిది సత్ప్రసాదం. మనం శ్రమ దినాలంటే వారు తపస్సు కాలం అంటారు. మనం ఆరాధన అంటాం, వారు పూజ అంటారు. ఆ "పూజ" అన్న మాట చెవిన పడితేనే మన పెద్దలు ముఖం తిప్పుకుంటారు. మన పేతురు వారి దగ్గర రాయప్ప, మన పౌలు చిన్నప్ప. రెండిళ్ల పిల్లల్నీ ఒకే బడిలో కూర్చోబెట్టి హాజరు పిలిస్తే ఎవరు ఏ గుడివారో మాస్టారుకు తెలిసిపోతుంది.

కొత్తూరులో దిగేసరికి మూడున్నర. అమ్మాయి భర్త ఆటో తెచ్చాడు. కాలనీలో అన్నీ ఒకే కొలత ఇళ్లు, తిన్నని సిమెంటు వీధులు, చెట్టు నీడ తక్కువ. ఇవి జలయజ్ఞం రోజుల్లో మొదలైన వంశధార రెండో దశ పనుల కింద ఖాళీ అయిన ఊళ్లవారి ఇళ్లు. హిరమండలం దగ్గర 19 టీఎంసీల జలాశయం కోసం హిరమండలం, కొత్తూరు వైపు ఊళ్లు లేచిపోయాయి. పాత ఊళ్లో మాలపేట ఒక చివర, కతోలిక గుడి వేరొక చివర ఉండేవట. ఇక్కడ చీటీలు వేసి ఇళ్లు ఇచ్చేసరికి ఎవరి పక్కన ఎవరు పడ్డారో చెప్పలేం. మన సంఘాలకు చెందిన ఏడు కుటుంబాలు ఇక్కడున్నాయి. వారికి గుడి లేదు, పాస్టరు లేడు.

"మరి ఆరాధన ఎక్కడ?" అన్నాము.

అమ్మాయి మామగారు నవ్వారు. "ఏటి బాబూ, మీకు తెలీదా? మా గుడిలోనే. తెల్లారి మాది, మజ్జాన్నం మీవోళ్లది. మరియమ్మ స్వరూపం పక్కకుంటాది, మీవోళ్లు అటేపు సూడరు. అంతే."

ఈ మామగారే ఇక్కడ ఉపదేశి. డెబ్బై దాటాయి. ఆర్.సి.ఎం. గుడి అంటే ఫాదరు గారని మనం అనుకుంటాం. కాని పల్లెల్లో వారి గుడి నిలబడింది ఉపదేశి మీద. మన బోధకులూ, బైబిలు స్త్రీలూ మన గుడులను నిలబెట్టినట్టే. విచారణ గురువుగారి కింద చాలా ఊళ్లుంటాయి. ఈ కాలనీకి ఆయన నెలకు రెండుసార్లే రాగలరు. మిగతా ఆదివారాలు వాక్యం చదివేది, జబ్బుపడినవాళ్ల దగ్గరికి వెళ్లేది, పిల్లలకు జపాలు నేర్పేది, చనిపోతే గొయ్యి తవ్వించేది ఉపదేశే. 2021 మే నెలలో ఫ్రాన్సిస్ పోపుగారు ఉపదేశి పనిని సంఘమంతటికీ ఒక అధికారిక పరిచర్యగా ప్రకటించారు. ఆ సంగతి ఎత్తితే పెద్దాయన, "ఆయన సెప్పకముందు నేను సెయ్యలేదేటి?" అన్నారు. అన్నారే గాని ఆ ప్రకటన వచ్చిన పత్రిక ముక్కను పటం కట్టించుకున్నారు.

పూజ అంతా లాటిను భాషలో జరిగిన రోజులు ఆయనకు గుర్తున్నాయి. పదేళ్ల పిల్లవాడుగా బలిపీఠం దగ్గర మోకరించి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా జవాబులన్నీ కంఠతా చెప్పేవారట. 1962 నుంచి 1965 దాకా జరిగిన వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. "మొదటి దినం తెలుగులో యిన్నప్పుడు మా అమ్మ ఏడిసింది. ఇన్నాళ్లూ యిదా సెప్తున్నారు అని." గురువులు కూడా మారారు. 1966లో ఇగ్నేషియస్ గోపుగారు విశాఖ బిషప్పు అయ్యారు. ఆయనకు ముందు ఆ పీఠం మీద విదేశీయులే కూర్చున్నారు.

1993 జూలై 1న విశాఖ నుంచి విడదీసి శ్రీకాకుళం పేరున కొత్త మేత్రాసనం ఏర్పాటు చేశారు. మొదటి మేత్రాణులు అడ్డగట్ల చిన్న ఇన్నయ్యగారు సుమారు పాతికేళ్లు ఉన్నారు. 2019లో రాయరాల విజయకుమార్ గారు వచ్చారు. 2001 నుంచి విశాఖ అగ్రపీఠం. ఈ తేదీలు మనకు ముఖ్యం కాకపోవచ్చు, ఆ ఇంటివారికి ముఖ్యం. "అంతకుముందు బిషప్పుగారంటే విశాఖపట్నంలో పెద్ద గుడిలో ఉండే పటం. ఇప్పుడు మా పిల్లలకి బద్రమైన అబ్యంగనం ఇయ్యడానికి ఆయనే వస్తారు" అని అత్తగారు చెప్పింది. గోడ మీద క్యాలెండరులో పూల అంతోనిగారి బొమ్మ ఉంది. ఆయన 2022 ఆగస్టులో కార్డినలు అయ్యారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు, దళిత కుటుంబంలో పుట్టినవారు. 2025 మే నెలలో పద్నాలుగవ లియో పోపుగారిని ఎన్నుకున్నవారిలో ఆయనా ఉన్నారు. మాలపేట నుంచి లేచి వచ్చిన ఈ కాలనీలో ఆ బొమ్మకు పువ్వు ఎందుకు పెట్టారో మాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

అన్నీ మంచి మార్పులేనని రాయలేము. యువకులు లేరు. ప్యాకేజీ డబ్బు ఇళ్లకూ, పెళ్లిళ్లకూ, బళ్లకూ అయిపోయింది. పొలం లేదు. హైదరాబాదు, చెన్నై కట్టుబడి పనులకు వెళ్లిన కుర్రాళ్లు క్రిస్మసుకీ ఈస్టరుకీ వస్తారు, కొందరు అదీ రారు. గుడికి రంగు వేయించిన డబ్బు చెన్నై నుంచి ఫోనులో వచ్చిందట. పాడేవాళ్లలో మగ గొంతు లేదు. మన సంఘాల్లో మాత్రం ఉందా?

నాలుగున్నరకు ఫాదరు గారు మోటారు సైకిలు మీద వచ్చారు. గుంటూరు వైపు వారు, ముప్పై ఐదేళ్లుండవచ్చు. మమ్మల్ని చూసి ముందు కొంచెం తడబడ్డారు. మేమూ తడబడ్డాము. మా శ్రీమతి "వందనాలు ఫాదరు గారూ" అనేసింది. అక్కడితో ఆ ఇబ్బంది తీరింది.

అందరం ఆటోల్లో జలాశయం గట్టు దగ్గరికి వెళ్లాము. నవంబరు 2న కతోలికులు సమాధుల దగ్గరికి వెళ్లి, కడిగి, పువ్వులు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, చనిపోయినవారి కోసం ప్రార్థిస్తారు. ఇక్కడ కడగడానికి సమాధులు లేవు. పాత ఊరి శ్మశానం నీళ్ల కింద ఉంది. పాత ఊళ్లో కతోలికులకూ మనవారికీ ఒకటే స్థలం, మధ్యలో తుమ్మచెట్టు హద్దు. ఊరు లేచేటప్పుడు కొందరు తమవారి గోరీ మీది మట్టి గుడ్డలో కట్టుకుని తెచ్చారు. ఉపదేశిగారు గుడి గంట తెచ్చారు. ఎద్దుబండి మీద, గడ్డిలో పెట్టి.

గట్టు వాలు మీద బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి పూజ మొదలుపెట్టారు. మేము కొంచెం వెనుక నిలబడ్డాము. మొదటి పఠనం చదవడానికి లేచింది మన అమ్మాయి అత్తగారు. స్త్రీలు ఇలా చదవడం వారిలో కొన్నేళ్లుగా ఉన్నదే. 2021 జనవరిలో పోపుగారు ఆ పరిచర్యకు స్త్రీలను అధికారికంగా నియమించవచ్చని శాసనమే మార్చారు. అదే సంవత్సరం మొదలైన సినడు కోసం ఊరూరా జనాన్ని కూర్చోబెట్టి మాటలు విన్నారు. 2023 అక్టోబరులో రోమ్ సభలో స్త్రీలు మొట్టమొదటిసారి ఓటు వేశారు. ఈ కాలనీలో జరిగిన కూటంలో అత్తగారు లేచి, "మా గుడి ఊడ్సేది మేము, సందా వసూలు సేసేది మేము, కమిటీలో మాత్రం మగోళ్లే ఏల?" అని అడిగిందట. ఇప్పుడు కమిటీలో ఇద్దరు స్త్రీలున్నారు. మా సంఘ కమిటీలో ఎంతమంది అని మా శ్రీమతి మా చెవిలో అడిగింది. ఆ జవాబు ఇక్కడ రాయము.

ప్రసంగంలో ఫాదరు గారు కాశీబుగ్గలో చనిపోయినవారిని తలచుకున్నారు. గుడికి వెళ్లి ఇంటికి రాని తల్లులని వారిని గురించి చెప్పి, వారి పిల్లల కోసం ప్రార్థించమన్నారు. తర్వాత ఒక్కొక్క కుటుంబం తమవారి పేర్లు చదివింది. ఉత్తరించు స్థలము అని వారు నమ్మే సంగతి మన వాక్యబోధలో లేదు. చనిపోయినవారి కోసం ప్రార్థన మనం చేయం. ఈ విషయంలో మా మనసు ఇప్పటికీ మారలేదు, మారిందని రాస్తే అబద్ధం. కాని పేర్ల మధ్యలో మన ఏడు కుటుంబాలవారు కూడా ముందుకు వచ్చి తమ తాతల పేర్లు, బాలింతగా పోయిన ఒక కోడలి పేరు చదివారు. అప్పుడు ఫాదరు గారు మా వైపు తిరిగి, "పాస్టరు గారూ, మీవారు కూడా ఈ నీళ్లలోనే ఉన్నారు. మీ పద్ధతిలో మీరు రండి" అన్నారు.

మేము సిద్ధపడి రాలేదు. బల్ల దాకా వెళ్లలేదు, వాలు మీద ఒక రాయి పక్కన నిలబడి తొంభైయవ కీర్తన చదివాము. బతికి ఉన్నవారి కోసం ప్రార్థించాము. చనిపోయినవారి విషయంలో దేవునికి స్తోత్రం మాత్రమే చెల్లించాము. ఆమేన్ అన్నప్పుడు అందరూ అన్నారు. చీకటి పడుతోంది. పిల్లలు అరటిడొప్పల్లో కొవ్వొత్తులు పెట్టి నీళ్లలోకి వదిలారు. గాలికి సగం ఆరిపోయాయి. మిగిలినవి ఊరు ఉన్నవైపుకే పోయాయని పెద్దాయన చెప్పారు. మాకు అటు నీళ్లే కనిపించాయి.

సత్ప్రసాదం మేము తీసుకోలేదు, వారు ఇవ్వలేదు. అది ఇద్దరికీ తెలిసిన సంగతే. అమ్మాయి తీసుకుని వచ్చి తన తల్లి పక్కన కూర్చుంది. పొద్దున్న మా బల్ల దగ్గర రొట్టె తీసుకున్న తల్లీ, సాయంత్రం ఈ బల్ల దగ్గర తీసుకున్న కూతురూ ఒకే కొవ్వొత్తి పట్టుకున్నారు. ఆ దృశ్యం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము.

రాత్రి అన్నాలయ్యాక సంచిలోంచి సంఘం లెటరు ప్యాడు తీశాము. నిజం చెప్పాలంటే బొబ్బిలిలో బయలుదేరినప్పుడే దాన్ని పెట్టుకున్నాము, వాడతామో లేదో తెలియక. మనలో ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి వెళ్లే సభ్యులకు బదిలీ పత్రం ఇస్తాము గదా. ఫలానా సహోదరి మా సంఘంలో బాప్తిస్మం పొంది మంచి సాక్ష్యముతో ఉన్నది, ఆమెను ప్రభువునందు చేర్చుకొనుడని. పెళ్లినాడు ఇవ్వవలసిన ఆ కాగితం అప్పుడు రాశాము. అమ్మాయి చూస్తూ ఉంది. ఏమీ మాట్లాడలేదు. ఆమె పెద్ద కొడుకు మా పెన్ను కావాలని అడిగాడు.

పొద్దున్న ఉపదేశిగారు కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివారు. వారి పద్ధతిలో ఇలాంటి కాగితానికి చోటు లేదు. కొంతసేపు ఆలోచించి, జ్ఞానస్నానాల రిజిస్టరు తెచ్చి, ఆమె పిల్లల పేర్లున్న పుట దగ్గర పెట్టబోయి ఆగారు.

"ఏటి బాబూ, తేదీ 2011 అని యేసినారు?"

పెళ్లి అప్పుడే గదా, అందుకని అన్నాము.

"అప్పుడు ఇయ్యలేదు గదా. ఇయ్యాల తేదీయే ఎయ్యండి. గుడి పుస్తకంలో దొంగలెక్క మనకేల?"

ఆ అంకెలు కొట్టేసి, పైన 3–11–2025 అని వేసి, పక్కన పొట్టి సంతకం చేసి ఇచ్చాము.